రోక్‌బీ వీనస్ వీపు మీది గాట్లు

లండన్ నేషనల్ గ్యాలరీలో స్పెయిన్ దేశపు చిత్రం ఒకటి ఉంది. అందులో ప్రేమదేవత వీనస్ మనకు వీపు చూపి, పరుపు మీద ఒత్తిగిలి పడుకొని ఉంటుంది. ఆమె కుమారుడు క్యూపిడ్, మన మన్మథుని వంటివాడు, ఎదుట అద్దం పట్టుకొని ఉంటాడు. అద్దంలో ముఖం మసకగా కనిపిస్తుంది. చిత్రించినవాడు నాలుగవ ఫిలిప్ రాజుగారి ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ (1599–1660). మతాధికారుల భయం వల్ల ఆనాటి స్పెయిన్‌లో నగ్నచిత్రాలు అరుదు. ఆయన వేసిన స్త్రీ నగ్నచిత్రాలలో మనకు మిగిలినది ఇదొక్కటే.

19వ శతాబ్దంలో ఈ బొమ్మ ఇంగ్లండు చేరి రోక్‌బీ అనే భవనంలో ఉండింది. ఆ పేరే నిలిచిపోయింది. 1906లో దీనిని 45,000 పౌన్లకు కొని గ్యాలరీకి ఇచ్చారు.

అప్పటికి ఇంగ్లండు స్త్రీలకు పార్లమెంటు ఓటు లేదు. దానికోసం పోరాడినవారిని జైలులో పెట్టారు. వారు నిరాహారదీక్ష పూనితే గొట్టాలు దూర్చి బలవంతంగా ఆహారం పోశారు. 1914 మార్చి 9న నాయకురాలు ఎమెలిన్ పాంక్‌హర్స్ట్‌ను మళ్ళీ అరెస్టు చేశారు. మరునాడే మేరీ రిచర్డ్‌సన్ అనే ఆమె మాంసం కొట్టే కత్తి దాచుకొని గ్యాలరీకి వెళ్ళి, గాజు పగులగొట్టి, వీనస్ వీపు మీద వరుసగా గాట్లు పెట్టింది. ప్రభుత్వం పాంక్‌హర్స్ట్‌ను నాశనం చేస్తున్నందుకు ఇది తన నిరసన అని చెప్పింది. ఆరు నెలల శిక్ష పడింది.

పత్రికలు ఆ గాట్లను మనిషి ఒంటిమీద గాయాలుగా వర్ణించాయి. ప్రాణమున్న ఆడవాళ్ళ గొంతులో గొట్టం దూర్చినప్పుడు ఆ జాలి ఎక్కడికి పోయిందో! ఈ పాఠం చెబితే మా తరగతి పిల్లలు రెండు పక్షాలవుతారు. బొమ్మను నరకడం నాకు నచ్చదు. అయినా ఆమెను వట్టి పిచ్చిది అని తోసివేయలేను. మగవాళ్ళు రోజంతా నోరు తెరుచుకొని ఆ బొమ్మను చూడడం కూడా తనకు నచ్చలేదని 1952లో ఆమె చెప్పింది. అలాగని ఆమెను దేవతను చేయడమూ కష్టమే. 1930లలో ఆమె ఫాసిస్టు పార్టీలో చేరింది.

బొమ్మను బాగుచేసి మళ్ళీ తగిలించారు. అక్కడి స్త్రీలకు 1918లో కొన్ని అర్హతలతో, 1928లో మగవారితో సమానంగా ఓటు వచ్చింది. ఇక్కడ మారిషస్‌లో మన నాయనమ్మల తరం 1948 ఎన్నికల దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు కూడా చదవడం, వ్రాయడం వచ్చినవారికే.

2023 నవంబరు 6న చమురు తవ్వకాలను వ్యతిరేకించే ఇద్దరు యువకార్యకర్తలు అదే బొమ్మ గాజును సుత్తులతో కొట్టారు. స్త్రీలకు ఓటు ఓట్లు వేసి రాలేదని వారు అక్కడే అన్నారు. గాజు పగిలింది. బొమ్మకు స్వల్పంగానే దెబ్బ తగిలింది.