మద్యవ్యసన రకాలకు రక్త సూచికలు

మద్యవ్యసనం ఒకే జబ్బు కాదనీ, అందులో రకాలున్నాయనీ భావించి, ఆ రకాలను రక్తపరీక్షతో గుర్తించేందుకు వెతికిన జీవరసాయన కొలతలివి. సూచికలు రెండు తీరులు: ఎంత తాగుతున్నారో తెలిపేవి స్థితి సూచికలు, తాగినా మానినా మారని తత్వాన్ని తెలిపేవి స్వభావ సూచికలు. రకం తేల్చడానికి రెండో తీరువి కావాలి. ఈ అన్వేషణ ఎక్కువగా స్వీడన్, అమెరికాల్లో సాగింది. పలు కొలతలను కలిపి మనుషులను వర్గాలుగా విడదీసే గణితానికి మాత్రం ఒక పునాది కలకత్తాలో పడింది.

రకాల విభజన

ఇ.ఎం. జెల్లినెక్ 1960లో మద్యవ్యసనాన్ని ఆల్ఫా నుంచి ఎప్సిలాన్ వరకు అయిదు రకాలు చేశాడు. 1981లో రాబర్ట్ క్లోనింగర్, స్వీడన్‌కు చెందిన మైకేల్ బోమన్ బృందం దత్తత పిల్లలను పరిశీలించి రెండు రకాలు చెప్పింది. మొదటిది సాధారణంగా పాతికేళ్లు దాటాక మొదలవుతుంది. పరిసరాల ప్రభావం ఎక్కువ. రెండోది చిన్న వయసులోనే, ప్రధానంగా మగవారిలో, దుడుకుతనంతో కలిసి కనిపిస్తుంది. వంశపారంపర్యం బలంగా ఉంటుంది.

తొలి సూచికలు

1970లలో కాలేయ ఎంజైమ్ గామా జీటీ వాడుకలోకి వచ్చింది. దీర్ఘకాలం తాగేవారి ఎర్రకణాలు ఉబ్బుతాయని 1974లో గుర్తించారు. ఆ కొలతే ఎంసీవీ. అదే దశకంలో హెలీనా స్టిబ్లర్, స్టెఫాన్ బోర్గ్ స్వీడన్‌లో ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీన్‌లో మార్పును కనిపెట్టారు. అదే నేటి సీడీటీ పరీక్ష. ఇవన్నీ స్థితి సూచికలే. తాగుడు ఆపితే మామూలు స్థాయికి దిగివస్తాయి.

ప్లేట్‌లెట్లలోని మోనోఅమైన్ ఆక్సిడేజ్ (ఎంఏఓ) ఎంజైమ్ స్వభావ సూచిక కాగలదని పరిశోధకులు ఆశ పెట్టుకున్నారు. మద్యవ్యసనపరులలో అది మందకొడిగా ఉంటుందని 1977లో, ముఖ్యంగా రెండో రకంవారిలో అని 1985లో స్వీడిష్ బృందాలు తెలిపాయి. పొగతాగడం వల్లే ఎంఏఓ తగ్గుతుందని 1990లలో తేలింది. మద్యానికి బానిసైనవారిలో పొగతాగేవారు ఎక్కువ కనుక, రకానికి గుర్తు అనుకున్నది చాలావరకు సిగరెట్టు గుర్తు అయింది.

కలకత్తా పాత్ర

కలకత్తాలో గణాంకవేత్త పి.సి. మహలనోబిస్ ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలతో మొదలుపెట్టి, 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించి, వర్గాల మధ్య తేడాను కొలిచే, తన పేరుతో నిలిచిన ‘దూరం’ సూత్రాన్ని 1936లో వెలువరించాడు. ఒకదానితో ఒకటి ముడిపడి పెరిగే కొలతలను రెండుసార్లు లెక్కించకపోవడం దాని ప్రత్యేకత. కాలేయ ఎంజైములు కలిసే పెరుగుతాయి కాబట్టి రక్తపరీక్షలకు ఇది కీలకం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన తెలుగువాడు సి.ఆర్. రావు, రెండు వర్గాలకే పరిమితమైన విభజన పద్ధతిని (డిస్క్రిమినెంట్ విశ్లేషణ) 1948లో అనేక వర్గాలకు విస్తరించాడు.

1980ల ఆరంభంలో అమెరికాలో ఎకార్డ్, రైబాక్ తదితరులు మామూలు రక్తపరీక్షలన్నింటినీ ఇలాంటి డిస్క్రిమినెంట్ విశ్లేషణలో కలిపి, తాగేవారిని తాగనివారి నుంచి వేరుచేయగలిగారు. రకాలను విడదీయడం అంత సులువు కాలేదు.

నేటి స్థితి

ఇప్పుడు వాడే ఫాస్ఫటిడైల్ ఇథనాల్ పరీక్ష కొన్ని వారాల తాగుడును పట్టిస్తుంది. అదీ స్థితి సూచికే. 2013లో వెలువడిన అమెరికా మానసిక వైద్య వర్గీకరణ డీఎస్ఎం-5 ఈ వ్యసనాన్ని రకాలుగా కాక తీవ్రతను బట్టి స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని విభజించింది. రకం తేల్చే రక్తపరీక్ష ఏదీ వైద్యంలో స్థిరపడలేదు. తాగుడు ఏ వయసులో మొదలైంది, ఇంట్లో ఇంకెవరికి ఉంది అన్న ప్రశ్నలే అందుకు ఆధారం.