మన మాట నడిచే దారి ఎవరు వేశారు?

పనికోసం పట్నం పోయిన తమ్ముడితో మనం ఇప్పుడు వాట్సాప్‌లో గోండీలోనో, కోయలోనో, కువిలోనో మాట్లాడుతున్నాం. లిపి రాకపోయినా గొంతు ఉంటే చాలు. ఈ దారి ఎవరు వేశారో మనలో చాలామందికి తెలియదు.

ఒకప్పుడు దూరాన్ని బట్టి, నిమిషాల లెక్కన ఫోనుకు డబ్బు కట్టేవాళ్లం. ఎస్టీడీ బూత్‌లో మీటరు చూసి, చెప్పాల్సిన మాట చెప్పకుండానే పెట్టేసిన పెద్దలు మనలో ఉన్నారు. ఇంటర్నెట్ ఫోను తీరు వేరు. అది గొంతును అంకెలుగా మార్చి, చిన్న చిన్న ముక్కలుగా పంపి, అవతల మళ్లీ గొంతుగా వినిపిస్తుంది. 1995లో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ దీన్ని మామూలు జనం వాడే సాఫ్ట్‌వేర్‌గా తెచ్చింది. మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి కొన్ని పరిమితులతో దీనికి అనుమతి వచ్చింది.

2003 ఆగస్టులో స్కైప్ వచ్చింది. దాన్ని స్థాపించినవారు స్వీడన్‌కు చెందిన నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, డెన్మార్క్‌కు చెందిన యానుస్ ఫ్రీస్. ప్రోగ్రాం రాసినవారిలో ముఖ్యులు మాత్రం ఎస్టోనియా యువకులు ఆహ్తి హెయిన్‌లా, ప్రీత్ కాసెసాలు, యాన్ తాలిన్. ఎస్టోనియా 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడివడిన చిన్న దేశం. జనాభా సుమారు 13 లక్షలు. 2011 జనగణనలో గోండీ మాతృభాష అని చెప్పినవారే 29 లక్షలకు పైగా ఉన్నారు.

అంటే మనకు తక్కువైంది తలల లెక్క కాదు. ఎస్టోనియా పిల్లలకు తమ భాషలో బడి ఉంది, విశ్వవిద్యాలయం ఉంది. 1996లో ఆ ప్రభుత్వం బడులన్నిటికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్ చేర్చే పథకం ప్రకటించింది. మన పిల్లలు చాలామంది మొదటి తరగతిలో అడుగుపెట్టిన రోజే తమ భాషను గుమ్మం బయట వదలాల్సి వస్తోంది.

స్కైప్‌ను 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు కొన్నది. 2015లో వాట్సాప్‌లో కాల్స్ వచ్చాక జనం అటు మళ్లారు. 2025 మేలో స్కైప్ మూతపడింది. కానీ నేర్చిన పని పోలేదు. హెయిన్‌లా 2014లోనే ఫ్రీస్‌తో కలిసి సరుకులు మోసే రోబోల సంస్థ మొదలుపెట్టాడు.

ఫోను కొనడం మనం నేర్చుకున్నాం. దాని లోపలి పని కూడా మన పిల్లలు నేర్వాలి. ఆ పాఠం మన భాషలో మొదలు కావాలని ఉపాధ్యాయులుగా, యువతగా మనమే అడగాలి.