పట్టా ఎవరి పేరున ఉంది?

బెంగుళూరు నుంచి ధర్మవరం వెళ్ళే రైలు దారిలో ముందు హిందూపురం, తర్వాత పెనుకొండ వస్తాయి. ఈ మూడూళ్ళలో ఎవరైనా స్థలం అమ్ముతామంటే మావాళ్ళు మొదట అడిగేది ధర కాదు, "పట్టా ఎవరి పేరున ఉంది?" అని. దున్నేది ఒకరు, పన్ను కట్టేది ఇంకొకరు, కాగితంలో పేరు మూడోవాళ్ళది కావడం మాకు కొత్తేం కాదు. అదేం విచిత్రమో, రోజంతా సర్వర్లతో కాపురం చేసే మనం డొమైన్ దగ్గరకొచ్చేసరికి ఆ ప్రశ్న మర్చిపోతాం.

ఆస్తి ఎవరిదో అందరికీ కనబడేలా రాసిపెట్టడం మావైపు పాత అలవాటే. హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షి గుడిలో అచ్యుతరాయల (1529-42) కాలపు శాసనాలున్నాయి. విజయనగర దానశాసనాల్లో మామూలుగా ఇచ్చిందెవరు, పుచ్చుకుందెవరు, ఎల్లలేవి అన్నీ ఉంటాయి. కాజేసినవాడికి ఏ పాపం చుట్టుకుంటుందో కూడా చివర్లో ఉంటుంది (అప్పటి టర్మ్స్ అండ్ కండిషన్స్ అన్నమాట!). 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి వదిలేశాక, థామస్ మన్రో 1807 దాకా కలెక్టరుగా ఉండి పొలాలు కొలిపించి రైతు పేరున శిస్తు లెక్క రాయించాడు. ఇప్పటికీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయిస్తే ఆస్తి ఎన్ని చేతులు మారిందో తెలుస్తుంది.

ఇంటర్నెట్ పట్టా పుస్తకం పేరు హూఈజ్. అర్పానెట్ రోజుల్లో మిషన్ల పేర్ల లెక్కంతా కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐలో ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం చూసుకునేది. 1982 మార్చిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 812 ఈ పుస్తకానికి రూపమిచ్చింది. నెట్‌వర్కు వాడేవాళ్ళు పేరు, అడ్రసు, ఫోను, మెయిలు నమోదు చేసుకోవాలి. 43వ పోర్టుకి ఒక లైను పంపితే వివరాలు వచ్చేస్తాయి, అంతే. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఇది దావాలు వేయడానికి పెట్టింది కాదు. అవతలి మిషను మొరాయిస్తే ఎవరికి ఫోను చేయాలో తెలియడానికి పెట్టింది.

తర్వాత పేరుకి ధర వచ్చింది. 1995లో నెట్‌వర్క్ సొల్యూషన్స్ రెండేళ్ళకి 100 డాలర్లు వసూలు మొదలుపెట్టింది. ధర వచ్చాక తగాదాలు రాకుండా ఉంటాయా? మన సత్యం కంప్యూటర్స్ పెట్టిన సత్యం ఇన్ఫోవే 'సిఫీ' పేరు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్కులాంటి రక్షణ ఉంటుందని 2004లో కోర్టు తేల్చింది. 2005లో డాట్ ఇన్ రిజిస్ట్రేషన్లు అందరికీ తెరిచారు. ఆ తర్వాత చిన్న ఊళ్ళ చిన్న కొట్లకీ సొంత పేర్లొచ్చాయి.

నా మిత్రుడి కుటుంబానిది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. సైటు చేసిన కుర్రాడు డొమైన్ తన పేరునే కొన్నాడు. డబ్బులు వీళ్ళవి, పట్టా అతనిది. కొన్నాళ్ళకి అతని ఫోను నంబరు పనిచేయడం మానేసింది. సంచుల మీద, బిల్లుల మీద ఆ పేరే అచ్చయి ఉంది. రెన్యువల్ గడువు చూస్తే నెల కూడా లేదు.

యజమాని పేరు వెతికితే ఏముంది, గోప్యత కోసం దాచామన్న ముక్క! 2018 మే 25న యూరప్‌లో జీడీపీఆర్ అమల్లోకొచ్చాక ఆ వివరాలు ఎక్కువగా మూతబడ్డాయి. డాట్ కామ్ లాంటి పేర్లకి హూఈజ్ నడపాలన్న నిబంధన కూడా 2025 జనవరి 28తో పోయింది. దాని స్థానంలో ఇప్పుడు ఆర్‌డాప్ ఉంది. అయితే మూయకుండా ఉంచిన కిటికీ ఒకటుంది. రిజిస్ట్రార్ ఎవరో, గడువెప్పుడో ఇప్పటికీ కనబడతాయి. యజమాని వివరాలు దాచిన రిజిస్ట్రార్ అతనికి ఉత్తరం చేరే దారి, అంటే ఒక ఫారమో మారుపేరు మెయిలో ఇవ్వాలి. జవాబివ్వడం, ఇవ్వకపోవడం అవతలివాళ్ళ ఇష్టం.

మేం ఆ ఫారంలోనే రాశాం. బెదిరింపుల్లేవు. కొట్టు పేరు, గడువు తేదీ, మా ఫోను నంబరు, అంతే. మూడో రోజు ఆ కుర్రాడే ఫోను చేసి, "అన్నా, నంబరు మారింది, మీకు చెప్పడం కుదర్లేదు" అని డొమైన్ వీళ్ళ పేరుకి మార్చేశాడు.

వివరాలు దాచడం తప్పంటారు కొందరు మిత్రులు. నేనొప్పుకోను. సొంత సైటు పెట్టుకున్న ఆడపిల్ల ఇంటి అడ్రసు ప్రపంచమంతా చూడాల్సిన అవసరమేంటి? స్పామర్లు ఆ పుస్తకాన్ని ఎంతగా దున్నుకున్నారో మనకి తెలియనిదా? 1982లో అడిగింది పేరు కాదు, కబురు చేరే దారి. అది నిలబడితే చాలు.

కాకపోతే ఆ దారి నిలబెట్టడం పేరు కొన్నవాళ్ళ చేతుల్లో ఉంది. రిజిస్ట్రార్ దగ్గర ఇచ్చిన మెయిలు ఉద్యోగం మారగానే చచ్చిపోయే ఆఫీసు మెయిలైతే, ఎన్ని ఫారాలుంటే ఏం లాభం? మీ నాన్నగారి కొట్టుకో, మీ ఊరి బడికో సైటు ఉంటే ఈ రాత్రే ఆ అకౌంటులోకి వెళ్ళి చూడండి, పట్టా ఎవరి పేరున ఉందో.