గోలీ సోడా చప్పబడితే?

మా విజయనగరం గంటస్తంభం దగ్గర గోలీ సోడా కొడితే కుయ్‌మనాలి. అనలేదంటే గ్యాస్ పోయినట్టే. ఈ కథ మొదలైంది బీరు దగ్గరే! 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, బీరు పులిసే తొట్ల మీద తేలే గ్యాస్‌ని నీళ్లలో కలిపాడు. సోడా పుట్టింది. మరి సీసాలో నిలవాలిగా? 1872లో హైరమ్ కాడ్ అనే ఇంజినీరు గోలీ సీసాకి పేటెంట్ తీసుకున్నాడు. తలకిందులుగా నింపితే గోలీ మూతిలోని రబ్బరు రింగు మీద పడుతుంది, లోపలి గ్యాసే దాన్ని నొక్కి పడుతుంది. అంటే మూత వేసేది గ్యాసే, అదిరిపోయే ఐడియా కదా! కానీ గ్యాస్ తక్కువైతే గోలీ బిగియదు, ఉన్నదీ పోతుంది. బీరులో ఈస్ట్ బతికుంటే సీసాని వెచ్చగా ఉంచి మళ్లీ పొంగించొచ్చు. సోడాకి ఆ ఛాన్స్ లేదు, చల్లటి నీళ్లతో మళ్లీ పట్టాల్సిందే. వేడెక్కితే నీళ్లలో గ్యాస్ నిలవదు. మన ఎండల్లో సోడాబండి అన్న సీసాల మీద తడిగోనె కప్పేది ఊరికే కాదు.