మెత్తని బంపరు కథ



పల్నాటి చరిత్ర యనగానే మనకు కారంపూడి యుద్ధభూమియు నాగులేటి యొడ్డును తలపునకు వచ్చును. నేడు నేను చెప్పదలచినది వీరుల చరిత్ర కాదు. మోటారుకారునకు ముందువెనుకల నుండు బంపరు చరిత్ర. దీనికిని నొక చరిత్ర యుండునా యని మీరు నవ్వవచ్చును. నా కారు బంపరునకు రెండుమాఱులు రంగు వేయించి, రెండుమాఱులును అది రాలిపోయిన పిమ్మటగాని నాకును ఈ విషయమును చదువవలెనని బుద్ధి పుట్టలేదు.

నాకొక మారుతి 800 కారు గలదు. ఉపాధ్యాయుడనై యుండగా పాతబండిగా కొన్నది. కుమార్తె పెండ్లి సంబంధమునకు మేము గురజాల పోయినది అందులోనే. "అమ్మివేయుడు నాన్నగారూ" యని మావాడు పలుమాఱు చెప్పినను నాకు మనసు రాలేదు. 2021లో కేంద్రప్రభుత్వము ఏబది యేండ్లు నిండిన బండ్లకు 'వింటేజి' యను పేరును, ప్రత్యేకమైన రిజిస్ట్రేషనును కల్పించినది. ఆ లెక్కను నా బండి యింకను బాలుడే.

బంపరు పుట్టుకయందొక వింత గలదు. ఇంగ్లండు దేశమున ఫ్రెడరిక్ సిమ్స్ అను నాతడు 1905 ప్రాంతమున తన సిమ్స్-వెల్బెక్ కారునకు అమర్చినది గాలి నింపిన రబ్బరు బంపరు. అనగా మెత్తని బంపరు తొలినాళ్లలోనే ఊహింపబడినది. లోకము దానిని విడిచి ఉక్కును పట్టుకొన్నది. క్రోమియపు పూతతో అద్దమువలె మెఱయు ఆ ఉక్కు బంపర్లను మనము 2014లో నిలిచిపోయిన అంబాసిడరు కార్లకు చూచియున్నాము. అది సొట్టపడినచో టింకరింగు పనివాడు సుత్తితో సరిచేసి, లప్పము పెట్టి, రుద్ది, రంగు వేసెడివాడు. ఆ విద్య కమ్మరి విద్యకు చుట్టము.

1968లో అమెరికాలో పాంటియాక్ జీటీవో అను కారునకు 'ఎండ్యూరా' యను మెత్తని ముఖమును అమర్చి, బండి రంగే దానికిని వేసిరి. కొట్టినను అది తిరిగి యథారూపము పొందునని ప్రకటనలలో కొట్టి చూపిరి. 1972 సెప్టెంబరు 1 తర్వాత తయారగు కార్లు గంటకు ఐదుమైళ్ల వేగమున ముందువైపు తగిలినను దీపములు మొదలగునవి చెడరాదని ఆ దేశమున నిబంధన వచ్చెను. ఆ యేటనే ఫ్రాన్సులో రెనో 5 కారు ప్లాస్టిక్ బంపర్లతో వెలువడెను. మన దేశమున మారుతి 1983 డిసెంబరులో వచ్చినది. 1986లో రూపు మార్చుకొన్న మారుతి 800 బంపరు ఉక్కు కాదు, ప్లాస్టిక్కే.

ఇక నా కథ. బంపరు మూల పగిలినది; దాని బూడిదరంగు ఎండకు వెలిసినది. మొదటి పనివాడు ఉక్కునకు వాడు లప్పమునే పగులులో నింపి రంగు వేసెను. నెల దాటకమునుపే మాచర్ల త్రోవలో నొక స్పీడుబ్రేకరు తగిలి, బంపరు వంగినది. లప్పము వంగనేరక పాతగోడ సున్నమువలె పెచ్చులూడెను. రెండవవాడు లప్పమును గోకివైచి, నున్నని ప్లాస్టిక్కుపై నేరుగా రంగు చల్లెను. కడిగినపుడెల్ల అది అరటిపట్టవలె లేచివచ్చినది. వారిని నిందింపను, ఇరువురును ఇనుముపై చేయి తిరిగినవారే.

తుదకు విజయవాడ ఆటోనగరునకు పోయితిని. అక్కడొక వృద్ధుడు బంపరు లోపలివైపున గోరంత ముక్క చెక్కి గ్లాసెడు నీటిలో వైచెను. అది తేలెను. "పాలీప్రొపిలీనండి, దీనికి దేనినీ అంటనిచ్చు గుణము లేదు" అని యతడనెను. ఇటలీలో నట్టా అను శాస్త్రజ్ఞుడు 1954లో రూపొందించిన పదార్థమిది. ఆయనకు 1963లో నోబెలు బహుమానమును తెచ్చిన పరిశోధనలలో నిదియు నొకటి. మైనమువలె జాఱుచుండును గాన దానిపై రంగు నిలువదు. పాలీయురిథేను అను మఱియొక జాతి సాధారణముగా నీట మునుగును. అది వేడికి కరగి అతుకదు గాన జిగురుతో అతుకవలెను. జాతి తెలియక చికిత్స చేయరాదు.

ముందుగా సబ్బునీటితో కడిగెను. మన సీమ బండికి పిడుగురాళ్ల సున్నపుదుమ్ము, నాపరాతి ధూళి, వానితోపాటు పాలిషు మైనమును అంటియుండును. అవి వదలకమునుపే రుద్దినచో గీతలలోనికి ఇంకును. తర్వాత జిడ్డు తీయు ద్రవముతో తుడిచి, బంపరును ఊడదీసి, లోపలి పట్టీలను పరీక్షించెను. ఒక పట్టీ విఱిగియుండెను. మొదటి యిద్దఱును దానిని చూడకయే పైన మెఱుగు పెట్టిరి! రంగు క్రింద విఱిగిన పట్టీ దాగినచో, పెద్ద త్రోవలో బంపరు ఊడి వెనుకవచ్చు వానిపై పడును.

పగులు చివర చిన్న రంధ్రము చేసెను. అది పగులును ముందునకు ప్రాకనీయదు. పగులును రెండువైపుల కాలువవలె చెక్కి, లోపల ఉక్కుజాలిని వేడియినుముతో అదిమి, పాలీప్రొపిలీను కడ్డీని కరగించి నింపెను. కపిలబాన తొండము చినిగినపుడు మన పెద్దలు దానికి తోలునే కుట్టించిరి గాని రేకు కొట్టింపలేదు గదా! పైని గుంతలకు వంగు గుణముగల లప్పము పెట్టి, 180, ఆ తర్వాత 320 నంబర్ల ఉప్పుకాగితముతో అంచులు తెలియనంతగా రుద్దెను. తర్వాత అంటుకొనజేయు పలుచని పూత, వంగు ప్రైమరు, తుదకు మెత్తదనమిచ్చు ద్రవము కలిపిన రంగు. గట్టిపఱచు ద్రవము కలిపి చల్లెడి రంగు పొగమంచు ఊపిరితిత్తులకు చేటు. ఆ వృద్ధుడు తాను తగిన మాస్కు ధరించి నన్ను షెడ్డు వెలుపల కూర్చుండబెట్టెను. ఊళ్లలో ముక్కునకు తువాలు చుట్టుకొని ఈ పని చేయు కుఱ్ఱవాండ్రను చూచినచో నాకు భయము కలుగును.

"దీని ముందొక ఇనుపకమ్మి కట్టింపవలెనా?" యని అడిగితిని. వలదనెను. పాదచారులకు ప్రాణాపాయమని 2017 డిసెంబరులో కేంద్రప్రభుత్వము అట్టి కమ్ముల నిషేధమును అమలుచేయ రాష్ట్రములకు వ్రాసినది.

రంగు ఆఱిన పిమ్మట అతడు బంపరు అంచును బొటనవ్రేలితో నొక్కి వంచి వదలెను. రంగు చిట్లలేదు. ఆ తర్వాత రెండు వానకాలములు గడచినవి. ఎడమమూల నొక సన్నని గీత పడినది గాని పెచ్చు లేవలేదు. మావాడు ఇప్పుడు బండి అమ్ముమని అనుటలేదు. తానే తోలుకొని పోవుచున్నాడు.