గడిలో పట్టని కథ

ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ 2009 ఫిబ్రవరిలో వచ్చింది. కన్నీళ్ల బొమ్మ, కోపం బొమ్మ 2016 ఫిబ్రవరి దాకా రాలేదు. మధ్యలో ఏడేళ్లపాటు ఎవరైనా "మా నాన్నగారు ఇక లేరు" అని రాస్తే, కింద మనం నొక్కడానికి ఉన్నది పైకెత్తిన బొటనవేలు ఒక్కటే. కొందరు అదే నొక్కేవాళ్లు, కొందరు ఇబ్బందిపడి ఊరుకునేవాళ్లు. అలా ఊరుకున్నవాళ్ల బాధ ఎక్కడా నమోదు కాలేదు. లెక్కకి ఎక్కింది లైకులే.

ఇది చిన్న విషయమే. బాధపడ్డవాడు కామెంట్ రాస్తాడు, ఫోన్ చేస్తాడు, బస్సెక్కి వెళ్తాడు. కానీ ఒక ఏర్పాటులో ఏ గళ్లు ఉండాలో ముందే తేలిపోవడం, గడి లేని సంగతి జరగనట్టే మిగిలిపోవడం అనేది ఫేస్‌బుక్‌తో మొదలవలేదు. దాని చరిత్ర చాలా పాతది. అది భూమి దగ్గరికి వచ్చినప్పుడు బొటనవేలంత చిన్నదిగా ఉండదు.

అమెరికాలో 1880 జనాభా లెక్కల్ని చేత్తో తేల్చేసరికి ఏడెనిమిదేళ్లు పట్టింది. 1890 లెక్కలకి హెర్మన్ హాలరిత్ అనే ఇంజనీరు ఒక యంత్రం చేశాడు. మనిషికో కార్డు. ఆడా మగా, వయసెంత, ఎక్కడ పుట్టారు అన్నదాన్నిబట్టి కార్డులో ఆయా చోట్ల చిల్లులు. చిల్లులోంచి కరెంటు పారితే డయల్ మీద ఒక అంకె కదులుతుంది. ఏళ్ల పని ఎంతో తగ్గింది. అయితే యంత్రం లెక్కపెట్టగలిగేది చిల్లు పెట్టడానికి చోటున్న వాటినే. ఆ ఏడాది నల్లజాతి వాళ్లని నల్లవాళ్లు, ములాటో, క్వాడ్రూన్, ఆక్టరూన్ అని, అంటే వాళ్లలో 'నల్ల రక్తం' ఎన్నో వంతు ఉందన్న లెక్కన విడదీసి నమోదు చేశారు. 1900 లెక్కల్లో ఆ విభజన తీసేశారు. పదేళ్లలో మనుషులేం మారలేదు, గళ్లు మారాయి.

హాలరిత్ కంపెనీ 1911లో మరికొన్నిటితో కలిసి, 1924లో ఐబీఎం అయింది. అదే ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ 1970 జూన్‌లో ఒక పరిశోధనా వ్యాసం అచ్చువేశాడు. సమాచారాన్నంతా అడ్డం నిలువు పట్టికలుగా అమర్చవచ్చు, వాడేవాడికి అది యంత్రం లోపల ఎక్కడ ఎలా దాగుందో తెలియనక్కర్లేదు అన్నది అందులోని ఆలోచన. నాలాంటివాళ్లు రోజూ జీతం తీసుకునేది ఆ ఆలోచన పుణ్యాన. బ్యాంకు ఖాతా, రైలు టికెట్, రేషన్ కార్డు, జొమాటో ఆర్డరు, ఎక్కువగా అన్నీ చివరికి ఏదో ఒక పట్టికలో ఒక వరస. కాడ్ పద్ధతిలో ఒక మౌలిక నియమం ఉంది: ఒక గడిలో ఒకే విలువ. సగం ఇదీ సగం అదీ కుదరదు. "నిజానికి ఏం జరిగిందంటే" అని మొదలయ్యేదేదీ కుదరదు.

ఇంకో నియమానికి 1978లో రేమండ్ రైటర్ పేరు పెట్టాడు: మూసిన లోకం అనే ఊహ. రెండూళ్ల మధ్య రైలున్నట్టు పట్టికలో లేకపోతే ఆ రైలు లేదనే అర్థం తీసుకోవాలి. ఉందో లేదో తెలియదు అనుకుంటే ఏ ప్రశ్నకీ జవాబు రాదు. రైళ్ల విషయంలో ఇది సబబే, రైళ్లన్నీ పట్టికలో ఉంటాయి కాబట్టి. చిక్కల్లా లోకం మొత్తం పట్టికలోకి ఎక్కని చోట వస్తుంది. అక్కడ "రికార్డులో లేదు" అన్న మాట చప్పుడు లేకుండా "అసలు లేదు" అయిపోతుంది.

లెవ్ మనోవిచ్ అనే సిద్ధాంతకర్త 2001లో అచ్చైన 'ద లాంగ్వేజ్ ఆఫ్ న్యూ మీడియా'లో డేటాబేస్‌కీ కథకీ పుట్టుకతోనే వైరం అంటాడు. డేటాబేస్ లోకాన్ని ఒక జాబితాగా చూపిస్తుంది. కథ ఒకదాని తర్వాత ఒకటి, ఒకదానివల్ల ఇంకొకటి అని చెబుతుంది. చదివినప్పుడు బావుందనిపించింది. కానీ మన తెలుగు నేల చరిత్ర చూస్తే, ఆ వైరం మొదట్నుంచీ ఉన్నది కాదు అనిపిస్తుంది. ఒకప్పుడు ఈ రెండూ ఒకే మనిషి చేతిలో ఉండేవి. ఆ మనిషి కరణం.

ఊళ్లో ఎవరి పొలం ఎంత, శిస్తు ఎంత, ఏ మాన్యం ఎవరిది అన్న లెక్కలు కరణాల దగ్గర కవిలెల్లో ఉండేవి. కాలిన్ మెకంజీ సర్వే అధికారిగా దక్షిణాదిన పనిచేస్తూ నేల కొలవడంతోపాటు ఊళ్ల చరిత్రలూ సేకరించాడు. ఆ పనిలో అతనికి కళ్లూ నోరూ అయినవాళ్లు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. ఎన్నో ఊళ్ల కరణాలు తమ కవిలెలు చూసి చెప్పిన సంగతులే మనం ఇవాళ చదివే కైఫియత్తులు. ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, ఏ దండు వచ్చి దోచుకుంది. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కొలతా కథా ఒకే సంచిలో పెట్టుకు తిరిగిన మనిషి అన్నమాట.

నైజాం వైపు దారి వేరు. అక్కడ రికార్డుల భాష ఉర్దూ, లెక్కల మనిషి పట్వారీ. ఏటా అతను రాసే పుస్తకం పహాణీ. సర్వే నంబరు, విస్తీర్ణం, ఖుష్కీనా తరీనా, పంట ఏంటి, పట్టాదారు ఎవరు. వీటితోపాటు ఈ వ్యాసానికి అన్నిటికన్నా ముఖ్యమైన కాలమ్ ఒకటి: అనుభవదారు. అంటే, పట్టా ఎవరిదైనా, ఆ నేలని అసలు దున్నుతున్నది ఎవరు?

ఆ కాలమ్ వెనక రక్తం ఉంది. దొరల గడీలకు ఎదురుతిరిగిన తెలంగాణ రైతుల పోరాటం 1946 నుంచి 1951 దాకా సాగింది. ఆ వేడిలోనే 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అనే మాటకి చట్టంలో చోటు దొరికింది. తర్వాత ఆ చట్టంలో చేరిన 38-ఇ సెక్షన్ వాళ్లకి యాజమాన్య హక్కే ఇచ్చింది. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీని ఇప్పటికీ కోర్టుల్లో తీసి చూస్తారు. ఆనాడు ఆ నేల మీద ఎవరున్నారో అందులో ఉంది కాబట్టి. దున్నేవాడి పేరు రికార్డులో పడటం, దున్నేవాడికి హక్కు రావడం, రెండూ ఒకే పోరాటంలో భాగాలు.

అలాగని పట్వారీల కాలాన్ని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. కలం ఎవరి చేతిలో ఉంటే కాలమ్ వాళ్లదే. రాత్రికి రాత్రి పేర్లు మారిన ఊళ్లున్నాయి, చదువురాని రైతు వేలిముద్రతో పొలం పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థని రద్దు చేసినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. పహాణీలో ఉన్న మంచి ఏదైనా ఉంటే అది పట్వారీ గుణం కాదు, ఆ పుస్తకం ఆకారానిది. అందులో ఒకే నేలకి ఇద్దరు మనుషుల పేర్లకి చోటుంది: కాగితం ఉన్నవాడు, నాగలి ఉన్నవాడు. ఆ ఇద్దరూ వేరు కావచ్చు అన్న నిజాన్ని పుస్తకం ఒప్పుకుంది.

ఇక కంప్యూటర్లు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' పేరుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లొచ్చాయి. పహాణీలూ మెల్లగా తెరమీదికి ఎక్కాయి. అసలు మలుపు 2017 సెప్టెంబరులో మొదలైన తెలంగాణ భూరికార్డుల ప్రక్షాళన. వివాదం లేని భూములు పార్ట్-ఎ, ఉన్నవి పార్ట్-బి. పార్ట్-ఎ వాళ్లకి కొత్త పాస్‌బుక్కులు. 2018 మే 10న రైతుబంధు మొదలైంది, ఎకరానికి పంటకి 4,000 రూపాయలు. ఆ ఏడాదే 5 లక్షల రైతుబీమా. 2020 సెప్టెంబరులో కొత్త పాస్‌బుక్ చట్టం, అక్టోబరు 29న ధరణి పోర్టల్.

ఈ వరసలో ఎక్కడో అనుభవదారు కాలమ్ రాలిపోయింది. కొత్త రికార్డులో పట్టాదారు మాత్రమే మిగిలాడు.

దీనికి సమర్థన లేకపోలేదు. ఆ కాలమ్‌లో లంచాలిచ్చి పేర్లు ఎక్కించుకునేవాళ్లు, తగాదాలన్నీ అక్కడే పుట్టేవి, పేరు పడితే పొలం పోతుందని యజమాని భయపడేవాడు. ధరణి ఇచ్చినది కూడా తక్కువేం కాదు. పొలం కొన్నరోజే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ ఒకేచోట అయ్యాయి. మ్యుటేషన్ కోసం నెలల తరబడి ఆఫీసు మెట్లెక్కిన వాళ్లకి అదెంత మేలో తెలుసు. ఇంజనీరుగా చూస్తే డిజైన్ శుభ్రంగా ఉంది. ఒక సర్వే నంబరు, ఒక ఓనరు, ఒక పాస్‌బుక్, ఒక బ్యాంకు ఖాతా. డబ్బు నేరుగా వెళ్లిపోతుంది.

కానీ ఇక్కడే రైటర్ చెప్పిన మూసిన లోకం పనిచేసింది. పట్టికలో కౌలు రైతు లేడు. కాబట్టి పంటసాయం అతనికి రాదు. విత్తనాలు, ఎరువులు, అప్పు, వాన రాకపోతే వచ్చే నష్టం అతనివి, ఎకరానికిన్నని పడే డబ్బు పట్టాదారుది. ఆ పట్టాదారు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లోనో డల్లాస్‌లోనో ఉండొచ్చు. రైతుబీమాకీ పాస్‌బుక్కే ఆధారం. కౌలు రైతు చనిపోతే ఆ ఇంటికి ఆ 5 లక్షలు రావు. ఇవన్నీ కౌలుదారులకి వ్యతిరేకంగా ఎవరో కూర్చుని రాసిన నిబంధనల్లా కనిపించవు. ఒక కాలమ్ లేదు, అంతే. దాని మీద నడిచే ప్రతి ప్రోగ్రామూ దానంతటదే అతన్ని వదిలేస్తుంది. ఇన్ని పనులు ఒక్క తీసివేతతో అయిపోవడం, అదీ టెక్నికల్ పనిలా కనిపించడం, పాత పట్వారీకి కూడా చేతకాలేదు.

రెండో రకం వాళ్లు సాదాబైనామా రైతులు. తెల్లకాగితం మీద నలుగురు పెద్దమనుషుల ముందు రాసుకున్న కొనుగోళ్లు. తాత కొన్నాడు, తండ్రి దున్నాడు, కొడుకు దున్నుతున్నాడు, రికార్డులో మాత్రం అమ్మినవాడి పేరే. ఊరంతటికీ తెలిసిన నిజం అది. అమ్మినవాడి మనవడి పేరిట కొత్త పాస్‌బుక్ వచ్చాక అది ఊరికి తెలిసిన నిజంగానే మిగిలింది.

వీళ్లు మీసేవ కౌంటర్ దగ్గరికి ఒక కథతో వస్తారు. "మా తాత ఇది పెళ్లి కట్నం డబ్బుల్తో కొన్నడు, అప్పుడు కాయితం చెయ్యలె, ఆయనా ఈయనా అన్నదమ్ముల లెక్కుండె." కౌంటర్లో పిల్లవాడి ముందు తెరమీద ఉన్నది డ్రాప్‌డౌన్. సమస్య ఏ రకమో ఎంచుకోవాలి. ధరణిలో ప్రతి ఇబ్బందికీ ఒక మాడ్యూల్ ఉండాల్సి వచ్చేది. పాస్‌బుక్‌లో తప్పులు దిద్దడానికి తర్వాత టీఎం-33 అని ఒకటి పెట్టారు. ఊళ్లలో రైతులు ఆ నంబర్లతోనే మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. మాడ్యూల్ లేని సమస్యకి తెరమీద తలుపు ఉండేది కాదు. అటు 2020 చట్టం రెవెన్యూ కోర్టుల్నీ ఎత్తేసింది. అంటే కథ వినే మనిషి ఉండే గది కూడా మూతపడింది, ఇక మిగిలింది సివిల్ కోర్టు. అందుకే సోమవారాలు కలెక్టరేట్లలో ప్రజావాణి ముందు అంత పొడుగు క్యూలు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాత పహాణీ నకళ్లు. చెప్పుకునే చోటు కోసం వచ్చినవాళ్లు. మనోవిచ్ చెప్పిన వైరం ఇక్కడ నిజంగానే కనిపిస్తుంది. అయితే అది ప్రకృతిసిద్ధం కాదు, ఫలానా సంవత్సరంలో ఫలానా డిజైన్‌తో తయారైంది.

కాలమ్ తిరిగి పెడితే సరిపోతుందా? పక్క రాష్ట్రం చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ నమోదు ఉంది, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టమూ వచ్చింది. కౌలు రైతుకి కార్డు ఇస్తారు, కానీ దానికి యజమాని ఒప్పుకోలు కావాలి. యజమాని సంతకం పెట్టడానికి జంకుతాడు. గడి ఉంటుంది, ఖాళీగా. గడిని ఎవరు నింపాలి, ఎవరి అనుమతితో అన్నది కూడా డిజైన్‌లో భాగమే. పట్వారీ రోజుల్లోనూ అసలు ప్రశ్న అదే.

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. తహసీల్దారు నిర్ణయం మీద పైఅధికారికి అప్పీలు చేసుకునే దారి చట్టంలోకి తిరిగొచ్చింది. పైకి చిన్న మార్పులా ఉన్నా నాకు ఇదే పెద్దదనిపిస్తుంది. అప్పీలు అంటే ఒక మనిషి ఎదుట నిలబడి, జరిగింది మొదట్నుంచీ చెప్పే హక్కు. ఏ డేటాబేస్‌లోనూ లోకం మొత్తం పట్టదు, పట్టాలని అడగడం కూడా అన్యాయం. అడగాల్సింది వేరే ఉంది: పట్టనివాళ్లు ఎక్కడికి పోవాలో కూడా అదే రోజు, అదే చట్టంలో రాశారా లేదా అని.

మా వృత్తిలో ఏ ప్రాజెక్టుకైనా మొదటి వారంలో స్కీమా మీటింగ్ ఒకటి ఉంటుంది. ఏ పట్టికలు, ఏ కాలమ్స్, ఏది తప్పనిసరి, ఏది ఖాళీగా వదలొచ్చు అని తేల్చే మీటింగ్. బోర్డు మీద గీతలు గీస్తాం, టీ తాగుతాం, రెండు గంటల్లో అయిపోతుంది. అందులో ఎవరూ దాన్ని రాజకీయం అనరు. 1950లో ఒక కాలమ్ చట్టంలో నిలబడటానికి ఎన్ని ఊళ్లు కదిలాయో తెలిశాక, ఆ గదిలో కౌలు రైతు తరఫున మాట్లాడే మనిషి ఒకరుండాలని అడగడం అత్యాశ అనిపించదు.