1997: పత్తి చేలు, కుంగిన మనసులు

1997 వానాకాలపు పంట వరంగల్ జిల్లా చరిత్రలో చేదు జ్ఞాపకం. అకాల వర్షాలకు తోడు లద్దె పురుగు పత్తి చేలపై విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పు మాత్రం పెరిగింది. విత్తనం, ఎరువు, మందు అరువిచ్చిన వ్యాపారికే పంటను అమ్మవలసిన రైతుకు మరో దారి లేకపోయింది. ఆ ఏడాది చివరినుండి 1998 వరకు ఈ జిల్లాలోనూ, ఉమ్మడి రాష్ట్రంలోని ఇతర పత్తి ప్రాంతాల్లోనూ వందలాది రైతులు ఆత్మహత్య చేసుకున్నారు.

నకిలీ విత్తనాలు, కల్తీ మందులు, వడ్డీలపై నాడు విస్తృతంగా చర్చ జరిగింది. అది అవసరమే. 2004లో వెలువడిన 421వ ప్రభుత్వ ఉత్తర్వు మృతుని కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ప్రకటించింది. అయితే ఆ సాయం మరణానంతరమే అందేది. అదే అప్పుతో బతుకీడ్చినవారి, భర్త అప్పును తలకెత్తుకున్న స్త్రీల మనోవ్యథ ఆ లెక్కలకు ఎక్కలేదు.

అప్పు ఆర్థిక సమస్య. దానివల్ల కలిగే కుంగుబాటు వ్యాధి. రెండింటికీ వేరువేరు పరిష్కారాలు కావాలి. పల్లెల్లో ఈ వ్యాధి తరచు తలనొప్పిగా, నిద్రలేమిగా, ఆకలి మందగించడంగా, పొలం వైపు వెళ్ళడానికి మనసొప్పకపోవడంగా బయటపడుతుంది. ఇవి రెండు వారాలకు మించి కొనసాగితే వైద్యుని సంప్రదించాలి. మందులతో, కౌన్సెలింగ్‌తో చాలామంది కోలుకుంటారు. టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

పంట నష్టాన్ని అంచనా వేయడానికి అధికారులు వస్తారు. మనిషిలోని నష్టాన్ని ముందుగా గుర్తించవలసినవారు ఇంటివారు, ఇరుగుపొరుగువారే.